వారాల లోన్లు, ఇన్సెంటివ్ షీటు, మధ్యలో దురాశ

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. దురాశ నిజంగా అంత చెడ్డదా, అది లేకపోతే ఎవడూ వ్యాపారమే పెట్టడు గదా, ఒకవేళ చెడ్డదే అయితే సమాజం దాన్ని ఎలా అదుపు చేయాలి, అప్పుచేసి మునిగినవాడికి మాత్రం ఆశ లేదా అని నాలుగు ప్రశ్నల్ని ఒకే గంపలో పెట్టి అడిగారు. వేదాంతం చెప్పడం నాకు రాదు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో 33 ఏళ్ళు చేశాను, ఎక్కువ భాగం ఖమ్మం, కృష్ణా జిల్లాల పల్లెటూరి బ్రాంచీల్లోనే. డ్వాక్రా సంఘాలు, పంట రుణాలు, బంగారం తాకట్టు, ఇదే నా లోకం. కాబట్టి నా కళ్ళ ముందు జరిగిన వ్యవహారం ఒకటి పట్టుకునే చెప్తాను, మైక్రోఫైనాన్స్ అనే వారాల లోన్ల గొడవ. జవాబు పొడుగైంది, ఓపిక ఉంటేనే చదవండి.

ముందు మాటల సంగతి. మన భాషలో దీనికి ఉన్నది ఒక్క మాట కాదు, గమనించారా? పిల్లాడికి మంచి కాలేజీలో సీటు రావాలనుకోవడం ఆశ, అందులో తప్పేం లేదు. అందని దానికి చెయ్యి చాస్తే పేరాశ. పక్కవాడి కంచంలోది లాక్కోవడానికి కూడా వెనకాడకపోతే దురాశ. ఇక కక్కుర్తి వేరే ఉంది, అది చిల్లర సరుకు, తూకంలో యాభై గ్రాములు కొట్టేసే బాపతు. మన పెద్దవాళ్ళు ఇన్ని మెట్లు కట్టి పెట్టారంటే అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదని వాళ్ళకి తెలుసు. మీరు "అది లేకపోతే అభివృద్ధి లేదు" అన్నది ఆశ గురించి, "అదుపు చేయాలా" అన్నది దురాశ గురించి. రెండూ కలిపేస్తే ఈ వాదన తెల్లార్లూ సాగుతుంది.

నా మటుకు నేను చూసుకునేది ఒకటే. లాభం ఎవడికి పోతోంది, తేడా వస్తే నష్టం ఎవడి నెత్తిన పడుతోంది. రెండు చోట్లా మనిషి ఒకడే అయితే వాడి ఆశ ఎంత ఉన్నా నాకు పేచీ లేదు. మిర్చి రైతు ధర పెరుగుతుందని బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు, పెరిగితే వాడిదే, పడిపోతే వాడిదే. అలా కాకుండా లాభం ఒకడికి, నష్టం ఇంకొకడికి అయ్యేలా ఏర్పాటు ఉందనుకోండి, అందులో పనిచేసేవాళ్ళంతా దేవుళ్ళే అయినా చివరికి ఎవరి కొంపో మునుగుతుంది. నేను చూసింది అదే.

1992లో నాబార్డు (పల్లె రుణాల సంగతి చూసే జాతీయ బ్యాంకు) వాళ్ళు పొదుపు సంఘాలకు బ్యాంకులు అప్పులివ్వాలని ప్రయోగంగా మొదలుపెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది బాగా నాటుకుంది. పది పదిహేను మంది ఆడవాళ్ళు ఒక సంఘం, నెలనెలా పొదుపు, కొన్నాళ్ళకి బ్యాంకు లింకేజీ, అంటే సంఘం పేరు మీద బ్యాంకు అప్పు. 2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది, అంటే వందకి నెలకి పావలా, ఏడాదికి 3 శాతం, మిగతాది ప్రభుత్వం భరించేది. చెప్పుకోవడానికి చాలా బాగుంది. బ్రాంచిలో మాత్రం ఏమయ్యేదంటే, ఒక సంఘానికి లోను శాంక్షన్ చేయాలంటే తీర్మానం పుస్తకం, ఫొటోలు, గ్రేడింగు, సంతకాలు, మా వాళ్ళకి ఉన్న నలుగురు స్టాఫ్‌లో ఒకరు సెలవు, "వచ్చే సోమవారం రామ్మా" అనడం. ఆ వచ్చే సోమవారం మూడు నెలల తర్వాత వచ్చేది. వాళ్ళు కూలిపని మానుకుని ఆటో ఎక్కి వచ్చి ఉత్త చేతుల్తో పోయేవాళ్ళు. మా ఈ బద్ధకాన్ని ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత దీనితో పని ఉంది.

ఆ ఖాళీలోకి మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. ఐదుగురు ఆడవాళ్ళని ఒక గ్రూపు కట్టమంటారు, నాలుగైదు గ్రూపులు కలిస్తే ఒక సెంటరు. పొద్దున్నే ఏడింటికి ఎవరో ఒకరి వాకిట్లో చాప వేసుకుని మీటింగు. పదివేలు లోను, 50 వారాలు, వారానికి 230 రూపాయలు. కాగితం మీద వడ్డీ 15 శాతం. వినడానికి మన పల్లెల్లో నూటికి మూడు, నూటికి ఐదు రూపాయల వడ్డీ ముందు ఇది పరమ చవక. కానీ లెక్క వెయ్యండి. మొదటి వారం నుంచే అసలు తగ్గుతూ వస్తుంది, ఏడాది మొత్తం మీద ఆమె చేతిలో సగటున ఉండే డబ్బు ఐదు వేలే. వడ్డీ మాత్రం పదివేల మీద పదిహేను వందలు. తగ్గే బాకీ మీద లెక్క కడితే ఏడాదికి 29 శాతం పైనే పడుతుంది. పైన ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు ముందే కోసుకుంటే ఇంకా పైకి. నూటికి రెండున్నర అన్నమాట. అది దోపిడీయా అంటే, ఇంటి ముంగిటికొచ్చి, తాకట్టు లేకుండా ఇస్తున్నాడు, వాడి ఖర్చులూ ఉంటాయి గదా అని అప్పట్లో నేనే వాదించేవాణ్ణి. ఇప్పటికీ ఆ వడ్డీ రేటొక్కదాన్నే పట్టుకుని తిట్టను. అసలు తంటా వేరే చోట ఉంది.

మధిర వైపు నేను పనిచేసిన బ్రాంచి పక్క వీధిలో ఒక కంపెనీ ఆఫీసు ఉండేది. అందులో ఒక కుర్రాడు, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, డిగ్రీ పాసై ఏ ఉద్యోగమూ దొరక్క చేరాడు. ఆఫీసు వెనక గదిలోనే నలుగురు పడుకునేవాళ్ళు, వాళ్ళే వండుకునేవాళ్ళు. చిల్లర మార్చుకోవడానికి మా కౌంటరు దగ్గరికి వచ్చేవాడు, అలా పరిచయం. ఒకరోజు వాడి జీతం సంగతి చెప్పాడు. ఫిక్స్‌డ్ కొంత, ఆపైన ఎన్ని సెంటర్లు కొత్తగా కడితే అంత, వసూలు వందకి వంద ఉంటే ఇంకొంత. వసూలు తగ్గితే ఇన్సెంటివ్ పోవడం ఒక్కటే కాదు, ఆ రాత్రి సెంటరు దగ్గరే కూర్చోవాలి, డబ్బు చేతికొచ్చేదాకా ఆఫీసుకు రాకూడదు. "ఆమె దగ్గర నిజంగా లేకపోతే ఏం చేస్తావురా" అని అడిగాను. "గ్రూపులో మిగతా నలుగురికీ చెప్తా సార్, వాళ్ళే తెస్తారు" అన్నాడు. ఎలా తెస్తారో వాడికి తెలుసు, నాకూ తెలుసు. పక్కింటామె వెళ్ళి ఇత్తడి బిందె బయట పెట్టిస్తుంది, లేకపోతే నానా మాటలూ అంటుంది. పిల్లప్పటినుంచి ఒకరింట్లో ఒకరు కూర అడిగి తెచ్చుకున్నవాళ్ళు.

ఆ కుర్రాడికి దురాశ ఉందంటారా? నెల తిరిగితే ఇంటికి నాలుగు వేలు పంపాలన్న ఆందోళన తప్ప వాడిలో నాకేమీ కనబడలేదు. వాడి పైన బ్రాంచి మేనేజరుకి టార్గెట్, వాడి పైన ఏరియా మేనేజరుకి టార్గెట్, ఆ పైన కంపెనీకి పెట్టుబడి పెట్టినవాళ్ళు "ఈ ఏడాది రెట్టింపు చూపించండి" అంటారు. ఏ మెట్టు మీదున్నవాణ్ణి పట్టుకుని అడిగినా నేను నా డ్యూటీ చేస్తున్నా అంటాడు, నిజంగానే అంటాడు. అందుకే దురాశ ఎవడి మనసులో ఉందా అని వెతకడం దండగ అనిపిస్తుంది నాకు. ఇన్సెంటివ్ షీటు తెప్పించి చూడండి, అందులో స్పష్టంగా రాసి ఉంటుంది.

ఇక మా బ్యాంకుల సంగతి, ఇందాక తర్వాత చెప్తానన్నది. బ్యాంకులు తామిచ్చే అప్పుల్లో 40 శాతం ప్రాధాన్య రంగానికి, అంటే వ్యవసాయం, చిన్న వ్యాపారాలు, బీదల అప్పులు లాంటి వాటికి ఇవ్వాలని రూలు. పదిమంది ఆడవాళ్ళ సంఘానికి లక్ష చొప్పున వెయ్యి లోన్లు ఇవ్వడం కంటే ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీకి ఒకే సంతకంతో పది కోట్లు ఇస్తే, అదీ ప్రాధాన్య రంగం కిందే లెక్క. ఎవడైనా ఏం చేస్తాడు? పన్నెండు శాతానికి మా పైవాళ్ళు ఇచ్చిన డబ్బే, మా బ్రాంచి ముందునుంచే పోయి, మేం తిప్పి పంపిన ఆ ఆడవాళ్ళకే 30 శాతానికి చేరేది. పైగా కంపెనీలు తామిచ్చిన అప్పుల్ని కట్టలు కట్టి మళ్ళీ బ్యాంకులకే అమ్ముకునేవి. అంటే అప్పు ఇచ్చినవాడు ఆ అప్పు వసూలవుతుందా లేదా అన్న టెన్షన్ కూడా దులిపేసుకుని తర్వాతి ఊరికి పోవచ్చు. 2012లో ఆర్బీఐ దీనికి ఒక మేకు కొట్టింది, అమ్మేవాడు అందులో 5 నుంచి 10 శాతం తన దగ్గరే ఉంచుకోవాలని. పేపర్లో లోపలి పేజీలో కూడా సరిగ్గా రాని చిన్న రూలు. దురాశని అదుపు చేయడం అంటే ఏమిటి అని అడిగారు గదా, నేను వంద ఉపన్యాసాలకంటే ఇలాంటి రూలుకే ఎక్కువ విలువ ఇస్తాను.

ముదిరిన ఏడాది 2010. దేశంలో మైక్రోఫైనాన్స్ అప్పుల్లో మూడో వంతు దాకా ఒక్క మన రాష్ట్రంలోనే ఉండేవి. హైదరాబాదు నుంచి నడిచే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ ఆ ఆగస్టులో షేర్ మార్కెట్లో లిస్టయింది, షేరు 985 రూపాయలు, వచ్చింది 1,600 కోట్లకు పైనే. అందులో సగానికి మించి పాత వాటాదారులు తమ షేర్లు అమ్ముకున్నది, పేదలకి కొత్తగా అప్పులివ్వడానికి వచ్చింది కాదు. బంగ్లాదేశ్‌లో ఈ చిన్న అప్పుల పద్ధతిని మొదలుపెట్టిన యూనస్ గారే, పేదల మీద ఇలా లాభాలు చేసుకోవడం ఏమిటని బహిరంగంగా తప్పుపట్టారు. ఇంతకుముందే ఒక హెచ్చరిక వచ్చింది, 2006లో కృష్ణా జిల్లాలో కలెక్టరు యాభై దాకా బ్రాంచీలు మూయించారు, వసూళ్ళ పద్ధతి బాలేదని. కొన్నాళ్ళకి సర్దుకుపోయింది. సర్దుకుపోయిందంటే మళ్ళీ మొదలైంది.

మా ఊళ్ళో ఒకామె ఉండేది, భర్త తాపీ పని, ఇద్దరు పిల్లలు. ఆమెకి ఐదు లోన్లు. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి, గురువారం రెండు, మాది సంఘం లోను నెలకోసారి. నేను కూర్చోబెట్టి నచ్చజెప్పబోతే నా కంటే వేగంగా నోటిలెక్క వేసి చూపించింది, ఏది దేనితో తీరుస్తోందో. "సోమవారపోళ్ళకి కట్టకపోతే నా గ్రూపులో మిగతా నలుగురు మీటింగు నుంచి లేవరు సారూ, అందుకే గురువారపోళ్ళ దగ్గర తీసుకున్నా" అంది. మొదటిది గేదె కోసం, రెండోది పెద్దపిల్ల ఫీజు కోసం, మూడోది మొదటి రెండు కట్టడం కోసం. నాలుగోది టీవీ కోసం, దాచడమెందుకు. మీ ప్రశ్నలో "తీసుకున్నవాడికి మాత్రం ఆశ లేదా" అన్నారే, ఉంది, టీవీ అంత ఆశ ఉంది. ఆ ఆశకి ఆమె ఏడాది పాటు పొద్దున్నే లేచి మూల్యం కట్టింది. ఆ నాలుగో లోను ఇచ్చినవాడు, ఆమెకి అప్పటికే మూడున్నాయని తెలిసీ ఇచ్చినవాడు, ఏం కట్టాడు?

ఆ ఏడాది వేధింపులు, ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. అక్టోబరు మధ్యలో రోశయ్య గారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరులో చట్టం అయింది. కంపెనీలు జిల్లాలో రిజిస్టరు చేసుకోవాలి, తాకట్టు అడగకూడదు, వారం వాయిదాలు పోయి నెల వాయిదాలు, వసూలు ఇంటి ముందు కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి చోట జరగాలి, బెదిరిస్తే జైలు, మొత్తం వడ్డీ అసలుకి మించకూడదు. ఈ చివరిది నాకు భలే నచ్చింది. కొత్తదేం కాదు, పాత ధర్మశాస్త్రాల్లో ఉన్నదే, దామ్‌దుపట్ అంటారు, ఎన్నేళ్ళయినా ఒక్కసారిలో వసూలు చేసే వడ్డీ అసలంతకంటే దాటకూడదని. దురాశకి పైకప్పు వేయాలని వేల ఏళ్ళ కిందటే ఎవరో అనుకున్నారు, అదీ ఎంత సులువైన లెక్కతో!

కానీ ఆ చట్టం పని చేసిన తీరు గురించి నాకు ఇప్పటికీ మనసు కుదరలేదు. వేధింపులు ఆగాయి, అది నిజం, పొద్దున్నే వాకిళ్ళలో అరుపులు ఆగాయి. దాంతోపాటు నాయకులు ఊరూరా తిరిగి ఇక కట్టక్కర్లేదన్నారు. 99 శాతం వసూలయ్యే చోట పది శాతం కూడా వసూలు కాలేదు. ఎస్‌కేఎస్ షేరు ఏడాదిన్నర తిరక్కుండా వంద రూపాయల లోపుకి పడిపోయింది, దానికి నాకేం బాధ లేదు. బాధ ఏమిటంటే, ఒకే ఒక్క లోను తీసుకుని నిక్కచ్చిగా కట్టుకుంటున్న ఆడవాళ్ళు కూడా ఎందుకు కట్టాలి, పిచ్చివాళ్ళమా అనుకున్నారు, రేపు అవసరమైతే ఇచ్చేవాడు ఎవరూ మిగల్లేదు. నాట్లప్పుడు నూటికి ఐదు రూపాయల వడ్డీకి మళ్ళీ పాత షావుకారు గడపే ఎక్కారు. ఎమిలీ బ్రేజా, సింథియా కినన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇంకో సంగతి తవ్వి తీశారు. ఇక్కడ దెబ్బతిన్న కంపెనీలు వేరే రాష్ట్రాల్లో కూడా అప్పులివ్వడం ఆపేస్తే, అక్కడి జిల్లాల్లో రోజుకూలీ రేట్లు పడిపోయాయట. మన రాష్ట్రం పేరు కూడా సరిగ్గా తెలియని కూలీ, జన్మలో లోను తీసుకోనివాడు, వాడి కూలి తగ్గింది. దురాశ హాని చేస్తుందా అంటే ఇంతదూరం చేస్తుంది. దాన్ని మోటుగా ఆపినా అంతే దూరం చేస్తుంది, ఇది చెప్పకపోతే నా జవాబు సగమే.

షావుకారు అన్నాను గనక ఒక మాట. పాతకాలం వడ్డీ వ్యాపారి మంచివాడని కొందరు ఇప్పుడు మురిసిపోతుంటారు. కాదు. ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయించుకుని ఎకరాలు మింగినవాళ్ళని చూశాను. అయితే వాడికి ఒక ఇబ్బంది ఉండేది, అదే ఊళ్ళో బతకాలి. పంట పోయిన ఏడాది కళ్ళం దగ్గరికి వెళ్ళి నిలబడితే ఊరు ఊరంతా ఉమ్మేస్తుంది, రేపు వాడి కూతురి పెళ్ళికి ఎవరూ రారు. అందుకని పత్తి అమ్మేదాకా ఆగేవాడు. ఆ సిగ్గు కొంతైనా కళ్ళెం. ముంబైలో కూర్చుని షేరు ధర చూసుకునేవాడికి మా ఊరి పెళ్ళితో పనేముంది? ఆ సిగ్గు చేయాల్సిన పనిని వాడి విషయంలో చట్టం చేయాలి, ఎందుకంటే చేయగలిగేది అదొక్కటే. విజయవాడలో 2015 చివర్లో కాల్ మనీ గొడవ, అంటే విపరీతమైన వడ్డీకి అప్పులిచ్చి జనాన్ని వేధించిన వ్యవహారం బయటపడ్డప్పుడు చూశాం, ఊళ్ళోవాళ్ళే అయినా పైన అండ ఉంటే ఆ సిగ్గు కూడా పని చేయదని. కాబట్టి సమాజం తనంతట తానే చూసుకుంటుందిలే అన్న మాట నేను నమ్మను.

ఆర్బీఐ ఏం చేసిందో త్వరగా చెప్పేస్తాను. ఆర్బీఐ వేసిన మాలేగాం కమిటీ 2011 జనవరిలో రిపోర్టు ఇచ్చింది, దాన్నిబట్టి మైక్రోఫైనాన్స్ కంపెనీలకు వేరే కేటగిరీ పెట్టారు, వడ్డీకి 26 శాతం పరిమితి పెట్టారు, ఒకామెకు రెండు కంపెనీలకు మించి ఇవ్వకూడదన్నారు. 2022లో కొత్త పద్ధతి. వడ్డీ పరిమితి ఎత్తేశారు, దాని బదులు ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం కట్టాల్సిన వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదన్నారు, పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకి పోకూడదన్నారు. ఆలోచన సరైనదే, ఎంత వడ్డీ అన్నదానికంటే మొత్తం ఎంత బరువు అన్నది చూడాలి. కానీ ఆ కుటుంబం ఆదాయం ఎంతో రాసేది ఎవరు? లోను ఇస్తే ఇన్సెంటివ్ వచ్చే ఆ కుర్రాడే. తాపీమేస్త్రి ఇంటికి వెళ్ళి "నెలకి ఇరవై ఐదు వేలు" అని గడిలో నింపేస్తే అడిగేవాడెవడు? 2024 అక్టోబరులో ఆర్బీఐ నాలుగు సంస్థల్ని కొత్త అప్పులు ఇవ్వొద్దని ఆపాల్సి వచ్చింది, వడ్డీలు మరీ ఎక్కువగా ఉన్నాయని, ఆదాయాల లెక్కలు సరిగ్గా చూడలేదని. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక వేధింపుల మీద ఆర్డినెన్సు తెచ్చింది, చదువుతుంటే పదిహేనేళ్ళ కిందటి మన కాగితం చూసినట్టే ఉంది. ఈలోగా మన చట్టం ఆర్బీఐ దగ్గర రిజిస్టరైన కంపెనీలకు వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పేసింది.

లోన్ యాప్‌ల గురించి మీకు నాకంటే ఎక్కువ తెలిసుంటుంది. 2020 చివర్లో హైదరాబాదులో పోలీసులు కాల్ సెంటర్ల మీద పడేదాకా అదొక అడవి. ఐదు వేలు లోను అంటాడు, చేతికి మూడున్నర వస్తుంది, వారంలో ఐదు వేలు కట్టాలి. కట్టకపోతే ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ, ఆఫీసు బాసు నుంచి పిల్లనిచ్చిన మామ దాకా, దొంగ అని మెసేజీలు. చూడండి, అప్పట్లో పక్కింటామె చేసిన పనిని ఇప్పుడు కాంటాక్ట్ లిస్టు చేస్తోంది, మనిషిని సిగ్గుతో చంపడం అన్న ఉపాయం అదే. 2022లో ఆర్బీఐ యాప్‌లు కాంటాక్టులు ముట్టుకోకూడదని, డబ్బు నేరుగా అప్పిచ్చే సంస్థ నుంచి తీసుకునేవాడి ఖాతాలోకే పోవాలని రూలు పెట్టింది. ఆయుధాన్ని లాక్కోవడం అన్నమాట. మంచి పని.

మళ్ళీ మీ నాలుగో ప్రశ్నకి, మునిగినవాడికి మాత్రం ఆశ లేదా అన్నదానికి వస్తాను, ఎందుకంటే అది నాకు చాలామంది చెప్తారు, ఎక్కువగా ఏసీ గదుల్లో కూర్చుని. జనం దగ్గర డిపాజిట్లు కట్టించుకున్న అగ్రిగోల్డ్ కంపెనీ మునిగినప్పుడు కూడా ఇదే మాట, ఎక్కువ వడ్డీకి ఆశపడి పెట్టారు, అనుభవించనీ అని. 32 లక్షల ఖాతాలు, 6,380 కోట్లు. వాళ్ళంతా పేరాశపరులా? నాకు తెలిసిన ఒకాయన రిటైరైన డ్రైవరు, నెలకి రెండొందలు కట్టాడు, కూతురి పెళ్ళినాటికి ప్లాటో డబ్బో వస్తుందని. కట్టించుకున్న ఏజెంటు వాళ్ళ పెద్దమ్మ కొడుకే, అతనూ తన డబ్బు అందులోనే పోగొట్టుకున్నాడు. ఆశ అందరికీ ఉంది, సమాచారం కొందరికే ఉంది. పైన కూర్చున్నవాడికి భూములు ఎక్కడున్నాయో, డబ్బు ఎటు పోయిందో తెలుసు. ఈ తేడా ఉన్నంతకాలం ఇద్దరి ఆశనీ ఒకే త్రాసులో వేయకండి. మన చిట్‌ఫండ్ చట్టమే చూడండి, 1982ది. చీటీ వేసేవాడి కమీషనుకి పరిమితి ఉంది, మొదట్లో 5 శాతం, 2019లో 7 చేశారు, ముందు వాడి చేత హామీ కట్టించుకుని గానీ చీటీ మొదలుపెట్టనివ్వరు. ఎవడి దురాశ గురించీ అందులో ఒక్క ముక్క లేదు. పారిపోతే నీ డబ్బు కూడా పోతుంది అని మాత్రం ఉంది. రిజిస్టరు కాని చీటీల్లో ఏం జరుగుతుందో ప్రతి ఊళ్ళో ఒక కథ ఉంటుంది లెండి.

సత్యం అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ సంగతి ఎవరైనా ఎత్తుతారు గనక ఒక్క ముక్క. 2009 జనవరిలో దాని ఛైర్మన్ రామలింగరాజు గారు బ్యాలెన్స్ షీటులో ఐదు వేల కోట్ల నగదు లేదని స్వయంగా రాసి ఇచ్చేదాకా, ఏళ్ళ తరబడి ఆ లెక్కలకి సంతకం పెట్టిన ఆడిటర్లకి ఫీజు ఇచ్చింది ఎవరు? ఆ కంపెనీయే. తర్వాత 2013 కంపెనీల చట్టంలో ఆడిటర్లని కొన్నేళ్ళకోసారి మార్చాలని పెట్టారు. ఫీజు ఇప్పటికీ కంపెనీయే ఇస్తుంది. సగం పనే అయింది.

సరే, మరి ఏం చేయాలంటారు అని అడుగుతారు. నన్ను అడిగితే మొదట జీతాల్లో చెయ్యి పెట్టాలి. లోను ఇచ్చిన రోజు ఇన్సెంటివ్ ఇవ్వకూడదు, ఆ కుటుంబం రెండేళ్ళ తర్వాత ఎలా ఉందో చూసి ఇవ్వాలి, పైవాళ్ళ బోనస్ కూడా అంతే. ఏదైనా సంస్థ ఏడాదికి రెట్టింపు చొప్పున పెరుగుతుంటే అవార్డులిచ్చే బదులు ముందు వెళ్ళి తనిఖీ చేయాలి, అప్పుల వ్యాపారంలో అంత పెరుగుదల ఆరోగ్యం కాదు, వాపు. వడ్డీని శాతాల్లో, అదీ ఫ్లాటు రేటని (అసలు తగ్గుతున్నా మొదటి మొత్తం మీదే వడ్డీ కట్టే లెక్క) మాయ చేసి చెప్పకుండా "నూటికి నెలకి ఇంత, మొత్తం మీద ఇంత కడతావమ్మా" అని ఆమెకి అర్థమయ్యే లెక్కలో, పెద్ద అక్షరాల తెలుగులో చెప్పించాలి. ఆదాయం రాసేవాడు, లోను ఇచ్చేవాడు ఒకడే కాకూడదు. చట్టం చేసేటప్పుడు అప్పు రద్దు అని మాత్రం ఎవరూ నోరు జారకూడదు, అది కూడా ఒక రకం దురాశే, ఓట్ల దురాశ, లాభం నాయకుడికి, నష్టం రేపు అప్పు పుట్టని ఆడమనిషికి. వడ్డీకి పరిమితి ఉండాలా వద్దా అన్నదాంట్లో నేను ఇప్పటికీ అటూ ఇటూ ఊగుతుంటాను. మరీ తక్కువ పెడితే నిజంగా అవసరమున్న మారుమూల ఊళ్ళకి ఎవడూ పోడు, అసలు పెట్టకపోతే 2024లో ఏమైందో చూశాం. అసలుకి మించి వడ్డీ రాకూడదన్న పాత నియమం మాత్రం ప్రతి అప్పుకీ ఉండాలి, అందులో నాకు రెండో మాట లేదు.

ఇదంతా చదివి వీడేదో ఒడ్డున కూర్చుని రాళ్ళు వేస్తున్నాడనుకుంటారేమో. ఆ ఐదు లోన్ల ఆమె 2012లో మా బ్రాంచికి వచ్చింది. వారాలవాళ్ళు పోయారు, ఊళ్ళో అప్పు పుట్టడం లేదు, గేదె కోసం లక్ష కావాలి, సంఘం తీర్మానం అన్నీ సరిగ్గా తెచ్చుకుంది. మార్చి నెల. ఇన్సూరెన్సు పాలసీల టార్గెట్‌కి మా బ్రాంచి ఇంకా పదకొండు తక్కువ ఉంది, రీజనల్ ఆఫీసు నుంచి రోజూ పొద్దునా సాయంత్రం ఫోన్లు, నా ట్రాన్స్‌ఫర్ ఫైలు కూడా అక్కడే ఉంది. మా ఫీల్డాఫీసరు ఆమెకి చెప్పాడు, లోనుతో పాటు ఒక పాలసీ కడితే త్వరగా అవుతుందమ్మా అని. నేను పక్కనే ఉన్నాను, విననట్టు ఊరుకున్నాను. ఏడాదికి ఆరు వేల ప్రీమియం, ఆమె రెండేళ్ళు కట్టింది, మూడో ఏడు కట్టలేకపోయింది, పాలసీ ల్యాప్స్ అయింది, కట్టిన దాంట్లో ఆమెకి తిరిగి వచ్చింది దాదాపు ఏమీ లేదు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా గుచ్చుకుంటుంది. ఆ కాగితం తెచ్చి "ఇది ఏంది సారూ" అని అడిగినప్పుడు చూశాను, ఏజెంటు కోడు గడిలో మా బ్రాంచి నంబరే ఉంది, కింద సంతకం నాదే.